సూతకము లేదు, బాధ కలదు

శ్రీ గురు బసవలింగాయ నమః



లింగధారణ చేసిన శరీరమునకు సూతకము లేదు. ఈ మాట వీరశైవ గృహములలో పుట్టిన ప్రతి బిడ్డకును ఉగ్గుపాలతోనే అందుచున్నది. జాతి, జననము, ప్రేతము, రజస్సు, ఉచ్ఛిష్టము అను ఐదు సూతకములను లోకము పాటించుచుండగా, పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమునందు బసవేశ్వరుడును తక్కిన శరణులును ఆ ఐదింటిని త్రోసివేసిరి. లింగార్చన చేయు స్త్రీకి ఋతుకాలమున సూతకము లేదను భావము సిద్ధాంత శిఖామణియందును కలదు. నెలసరి దినములలో స్త్రీని వాకిట కూర్చుండబెట్టి, వేరు చెంబు, వేరు చాప ఇచ్చిన కాలమున, శరణుల ఇంటి ఇల్లాలు ఆ దినములలోను కరపీఠమున ఇష్టలింగమును నిలిపి, విభూతి ధరించి, పత్రి సమర్పించెను. ఇది చిన్న విషయము కాదు. స్త్రీ శరీరధర్మమును అపవిత్రమనుట, ఆ శరీరమును సృజించిన శివుని తప్పుపట్టుటయే యని శరణులు గ్రహించిరి.

అయితే ఈ గొప్ప బోధను పట్టుకొని కొందరు మరియొక పొరపాటులో పడుచున్నారు. సూతకము లేదనుట వేరు, బాధ లేదనుట వేరు. మొదటిది శరణుల మాట. రెండవది శరణులు ఎన్నడును అనని మాట. ఈ రెంటికిని గల భేదమును తెలిసికొననందున కొన్ని ఇండ్లలో ఆడబిడ్డలు నెలనెలా నోరు మూసికొని కుమిలిపోవుచున్నారు.

ఒక ఇంటిని మనస్సున నిలుపుకొనుడు. ఊరు ఏదైనను కావచ్చును. భర్తకు బజారున చిన్న బట్టల కొట్టు కలదు. అత్తగారు నిష్ఠాపరురాలు. ఇద్దరు పిల్లలు బడికి పోవుచున్నారు. కోడలు నెమ్మది గలది, పనిమంతురాలు, నలుగురిలో మంచి పేరు తెచ్చుకొన్నది. కాని నెలలో వారము పది దినములు ఆమె వేరొక మనిషివలె అగుచుండును. చిన్నమాటకు కన్నీరు కారును. కారణము లేక భయము కలుగును. పిల్లవాడు పలక క్రింద పడవేసినను పట్టరాని కోపము వచ్చును. మరుక్షణమే, ఇంతటి పాపాత్మురాలు లోకములో ఉండదని తన్ను తాను నిందించుకొనును. నిద్ర పట్టదు, లేదా లేవనే లేదు. పూజకు కూర్చున్నను మనస్సు నిలువదు. ముట్టు వచ్చిన ఒకటి రెండు దినములలో ఆ మబ్బంతయు విడిపోవును. మరల ఆమె ఆమెయే. అప్పుడు జరిగినదానికి సిగ్గుపడి, రెండింతల పని చేసి అందరిని ప్రసన్నులను చేసికొనుటకు ప్రయత్నించును. రెండు వారములు గడవకమునుపే మబ్బు మరల క్రమ్మును.

ఒకనాడు ఆమె ధైర్యము తెచ్చుకొని అత్తగారితో, “అత్తయ్యా, నాకేదో జబ్బు ఉన్నట్టుంది. నెలనెలా ముట్టుకు ముందు నా మనసు నా చేతిలో ఉండడం లేదు” అనెను. అత్తగారు దుర్మార్గురాలు కాదు. తనకు తెలిసిన ధర్మమునే చెప్పెను. “లింగం కట్టుకున్నదానికి ముట్టే లేదన్నారు మన పెద్దలు. ఇక ముట్టుకు ముందు జబ్బేమిటమ్మా? మనసు లింగం మీద పెట్టు, అన్నీ పోతాయి” అనెను. కోడలు మరి మాటాడలేదు. ఆ రాత్రి భర్తతో మాత్రము, “ఏమండీ, ఆ రోజుల్లో నేను లేకపోతేనే మీరంతా సుఖంగా ఉంటారనిపిస్తుంది” అనెను. అతడు అలసియున్నాడు. “ప్రతి నెలా ఉండేదే కదా, పడుకో” అని అటు తిరిగి పండుకొనెను.

ఆ ఇంటిలో ఎవ్వరును చెడ్డవారు కారు. అయినను ఒక ప్రాణము అంచున నిలిచియున్నది. కావున ఈ విషయమును ధర్మదృష్టితో విచారింపవలసియున్నది.

మొదట ఈ బాధ ఎట్టిదో తెలియవలయును. నెలసరికి ముందు కొంత అలసట, కొంత చిరాకు, ఒడలు బరువు చాలమంది స్త్రీలకు కలుగును. అది వచ్చి పోవును. కాని కొందరికి మనస్సే తలక్రిందులగునంత తీవ్రమైన వ్యాధి కలదు. దీనిని వైద్యులు ప్రీమెన్‌స్ట్రువల్ డిస్‌ఫోరిక్ డిజార్డర్ అందురు. తెలుగున ఋతుపూర్వ తీవ్ర మనోవ్యాకులత యనవచ్చును. నూటికి సుమారు ముగ్గురు మొదలు ఎనిమిది మందికి ఇది ఉండునని తరచు చెప్పబడు లెక్క. దినదినము వ్రాసిన పట్టికతో కచ్చితముగా నిర్ధారించినచో ఆ సంఖ్య ఇంకను తగ్గును. తక్కువ మందికే వచ్చినను, వచ్చినవారికి అది ప్రతి నెలయు వచ్చును. సంవత్సరములు కూడిక చేసినచో జీవితములో ఎంత భాగము ఆ మబ్బు క్రింద గడచిపోవునో ఎవరికి వారు ఊహించుకొనవచ్చును.

ఇది నేటి కొత్త మోజు కాదు. 1931లోనే అమెరికా వైద్యుడు రాబర్ట్ ఫ్రాంక్ నెలసరికి ముందు స్త్రీలకు కలుగు మానసిక ఉద్రిక్తతను గూర్చి వైద్యపత్రికలో వ్రాసెను. ఇంగ్లండులో కాథరినా డాల్టన్ అను వైద్యురాలు, తాను గర్భవతిగా నున్నప్పుడు నెలనెలా వచ్చు తలనొప్పి రాకపోవుటను గమనించి, ఆ దారిని పరిశోధన సాగించెను. 1953లో ఆమెయు రేమండ్ గ్రీన్ అను వైద్యుడును కలిసి ఈ బాధల సముదాయమునకు ఒక పేరు పెట్టిరి. ఒక స్త్రీ తన శరీరము చెప్పిన మాటను తేలికగా త్రోసివేయక విన్నందున వైద్యశాస్త్రము ముందుకు నడచినది. అయినను లోకము నమ్ముటకు చాల కాలము పట్టెను. అమెరికా మనోవైద్యులు తమ వ్యాధుల గ్రంథములో దీనికి పూర్తి స్థానము నిచ్చినది 2013లో మాత్రమే. 2019లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించి, 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో కూడ దీనికి చోటు కలిగినది.

ఇది మనోబలము లేనివారికి వచ్చు బలహీనత యని తలంచువారు కలరు. అది సరి కాదు. అండము విడుదలయైన పిమ్మట స్త్రీ దేహమున ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ అను రసముల పాళ్లు మారుచుండును. ఈ వ్యాధి గల స్త్రీలలో ఆ పాళ్లు తక్కినవారిలో వలెనే యుండును. ఆ మార్పునకు మెదడు స్పందించు తీరు మాత్రము వేరుగా నుండును. 1998లో అమెరికా పరిశోధకులు ఈ సంగతిని చూపిరి. 2017లో అచ్చటి పరిశోధకులే ఆ భేదము జీవకణములలోని జన్యువుల పనితీరులో సైతము కనబడుచున్నదని ప్రకటించిరి. ఒకే గాలి వీచినను ఒక దీపము నిలుచును, ఒక దీపము రెపరెపలాడును. రెపరెపలాడిన దీపమును తిట్టువాడు వివేకి కాడు. దానికి చేయి అడ్డుపెట్టువాడే వివేకి.

ఇక శరణుల మార్గమును చూడవలయును. కల్యాణమున శరణులు కూడిన సభకు అనుభవ మంటపమని పేరు. ఆ పేరులోనే గొప్ప బోధ కలదు. అచ్చట పుస్తకమున చదివినదానికంటె స్వయముగా అనుభవించినదానికి విలువ యెక్కువ. అక్క మహాదేవి ఒంటరిగా ఆ సభకు వచ్చినప్పుడు అల్లమ ప్రభువు ఆమెను కఠినమైన ప్రశ్నలు అడిగెను. ఆమె తన అనుభవమును నిర్భయముగా చెప్పెను. సభ విని, తూచి, ఆమెను గౌరవించెను. అల్లమ ప్రభువు పరీక్షించెను గాని పరిహసింపలేదు. విచారణ వేరు, అవమానము వేరు. స్త్రీ తన లోపలి బాధను చెప్పినప్పుడు ప్రతి ఇల్లును ఒక అనుభవ మంటపము కావలయును.

వైద్యులు చెప్పు పద్ధతియు ఇట్టిదియే. వారు మొదట చేయుమనునది విచారణయే. ఒక నోటు పుస్తకమునో, గోడ క్యాలెండరునో తీసికొని, ప్రతి దినము రాత్రి ఆనాటి మనఃస్థితిని వ్రాయవలయును. దుఃఖము, కోపము, ఆందోళన, నిద్ర, ఆకలి, అలసట, పనిమీద శ్రద్ధ ఎట్లున్నవో ఒక్కొక్కదానికి ఒకటి మొదలు ఆరు వరకు అంకె వేయవచ్చును. ముట్టు వచ్చిన దినమును గుర్తింపవలయును. ఇట్లు కనీసము రెండు ఋతుచక్రములు వ్రాసినచో నిజము బయటపడును. బాధ ముట్టుకు ముందటి వారములో పెరిగి, ముట్టు వచ్చిన కొన్ని దినములలో తగ్గి, ఆ పిమ్మటి వారములో దాదాపు లేకపోయినచో ఇది ఈ వ్యాధి కావచ్చును. నెల పొడవునా దుఃఖము ఉన్నచో అది వేరొక మనోవ్యాధి కావచ్చును. రక్తహీనత, థైరాయిడ్ లోపము కూడ ఇట్లే బాధించును గనుక వైద్యులు వానిని సైతము పరీక్షింతురు. ఆ పట్టికను చేత పట్టుకొని పోయిన స్త్రీని వైద్యుడు తేలికగా పంపివేయజాలడు. ఒకచోట వినకున్నచో మరియొకచోటికి పోవుట తప్పు కాదు.

చికిత్స కలదు. సెరటోనిన్ అను పదార్థముపై పనిచేయు మందులు ఈ వ్యాధికి చాలమందికి గుణమిచ్చుచున్నవి. తక్కిన దిగులు వ్యాధిలో ఆ మందులు పనిచేయుటకు వారములు పట్టును. ఈ వ్యాధిలో కొన్ని దినములలోనే మేలు కనబడవచ్చును గనుక, కొందరికి వైద్యులు నెలలో ముట్టుకు ముందటి రెండు వారములు మాత్రమే వానిని ఇత్తురు. కొందరికి ఋతుక్రమమును అదుపుచేయు మాత్రలు, కొందరికి ఆలోచనలను సరిదిద్దుకొను మానసిక శిక్షణ ఉపకరించును. వ్యాయామము, వేళకు నిద్ర కూడ తోడ్పడును. ఏది ఎవరికి తగునో వైద్యుడు నిర్ణయింపవలయును. పొరుగింటివారు వాడిన మాత్రలు అడిగి తెచ్చుకొనుట ప్రమాదము.

“శివపూజ చేసినచో చాలదా?” అని కొందరు అడుగుదురు. శివపూజ మనస్సునకు అండ. అది ఎన్నడును విడువరాదు. కాని దేహమును దేవాలయముగా భావించిన ధర్మము మనది. దేవాలయపు పైకప్పు కురియుచున్నప్పుడు లోపల పూజ చేయుచు, కప్పు బాగుచేయకుండుట భక్తి యగునా? కాలు విరిగినవానికి కట్టు కట్టించి, ఆ పిదప జపము చేయుమందుము. మనస్సు విరిగినవారికి మాత్రము జపముతో సరిపెట్టుకొమ్మనుట న్యాయము కాదు. ఆ దినములలో పూజకు కూర్చుండలేకపోయినచో, ఒక్క క్షణము లింగమును కన్నుల కద్దుకొన్నను శివుడు స్వీకరించును. ఆమె భక్తి తగ్గినదని ఎవ్వరును లెక్కింపరాదు.

ఇంకొక హెచ్చరిక అవసరము. ఈ వ్యాధి పేరు తెలిసినవెంటనే దానిని స్త్రీ నోరు మూయించు సాధనముగా చేసికొనరాదు. ఆమె న్యాయమైన మాట అడిగినప్పుడెల్ల “నీకు ఆ రోజులు వచ్చినవా?” అనుట కొత్తరకపు సూతకమును సృష్టించుటయే. లోకము ఆమె శరీరమును అంటరానిదన్నది. ఇది ఆమె మాటను అంటరానిదిగా చేయును. ఆ దినములలో చెప్పిన ఫిర్యాదు నిజమైనదే కావచ్చును. దానిని మంచి దినములలో మరల కూర్చుండి వినవలయును.

భర్తలకు ఆయ్దక్కి లక్కమ్మ, మారయ్యల చరిత్ర ఆదర్శము. నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చి జంగమ దాసోహము నడపుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ అది చూచి, ఇది మనకు తగదు, తెచ్చినచోటనే పోసి రమ్మనెను. మారయ్య ఆమె మాట విని అట్లే చేసెను. భార్య మాటలో సత్యమున్నదని నమ్మినవాడు గనుక అతడు తగ్గిపోలేదు, శరణులలో పెరిగెను. ఇంటి బియ్యము విషయములో భార్య మాట నమ్మిన ధర్మము, ఆమె ప్రాణము విషయములో నమ్మవలదా? భర్త మంచి దినములలోనే భార్యతో కూర్చుండి, రానున్న దినములకు ఏర్పాటు చేసికొనవలయును. వంట ఎవరు చూచుదురు, పిల్లలను బడికి ఎవరు దింపుదురు, డబ్బు తగవులు, పెద్ద నిర్ణయములు ఏ వారమునకు వాయిదా వేయుదురు అనునవి ముందే నిశ్చయించుకొనవచ్చును. ఇది దయాదానము కాదు. దాసోహము. జంగమునకు వడ్డించు చేయి ఇంటి ఇల్లాలికి ఒక గిన్నెడు గంజి అందించినంత మాత్రాన చిన్నది కాదు.

అత్తలకును తల్లులకును పాల్కురికి సోమనాథుడు తెలుగువారికిచ్చిన బసవపురాణములోని బెజ్జమహాదేవి కథ చాలును. శివునికి తల్లి లేదని ఆమె దుఃఖించెను. తల్లియే ఉన్నచో బిడ్డను విషము మ్రింగనిచ్చునా, తోలు కట్టి శ్మశానమున తిరుగనిచ్చునా యని తలచి, తానే ఆ దేవునికి తల్లి యయ్యెను. లోకమంతయు శివుని గరళమును మహిమ యని పొగడుచుండగా, ఆమె యొక్కతె మాత్రము అది బిడ్డ గొంతులోని మంటగా చూచెను. మాతృహృదయమనగా అదియే. కోడలు నవ్వుచు పని చేయుచున్నప్పుడు మెచ్చుకొనుట అందరును చేయుదురు. ఆమె గొంతులోని మంటను చూచినామె తల్లి. “మా కాలములో ఇవి లేవు” అను మాట నిజము కాదు. ఆ కాలములోను ఉన్నవి. చెప్పుకొనుటకు చోటు లేకపోయెను. నుయ్యో గొయ్యో చూచుకొన్న ఆడబిడ్డల కథలు ప్రతి ఊరిలోను కలవు. వారిలో ఎందరి గుండెలో ఈ మబ్బు ఉండెనో శివునికే ఎరుక.

ఈ చివరి మాట భయపెట్టుటకు చెప్పినది కాదు. ఈ వ్యాధి గల స్త్రీలలో చావు తలంపులు ఎక్కువగా కలుగుచున్నవని వైద్యులు గుర్తించియున్నారు. కావున “నేను లేకపోతే బాగుండును” అను మాట విన్నప్పుడు అటు తిరిగి పండుకొనరాదు. కసరరాదు. ప్రక్కన కూర్చుండి, “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని సూటిగా, మెల్లగా అడుగవలయును. అడిగినందున ఆ తలంపు కలుగదు. అడిగినందున బరువు దిగును. ఆమెను ఒంటరిగా విడువక, పురుగుల మందు, మాత్రలు అందకుండ దాచి, వెంటనే వైద్యుని కడకు తీసికొనిపోవలయును. కేంద్ర ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ అను సేవకు 14416 అను సంఖ్యపై పగలైనను రాత్రియైనను ఫోను చేసి, రుసుము లేక తెలుగులో మాటాడవచ్చును.

మఠములును ఇందు పూనుకొనవలయును. గురువుల యెదుట ఆడువారు చెప్పుకొను దుఃఖములలో ఇదియు ఒకటిగా ఉండవచ్చును. తాయెత్తు కట్టి పంపక, గాలి సోకినదని చెప్పక, “అమ్మా, దినదినము వ్రాసికొనుము, వైద్యుని చూడుము, శివుడు నీకు తోడున్నాడు” అని గురుముఖమున ఒక్క మాట వచ్చినచో, ఇంటిలో వంద మాటలు చేయలేని పని జరుగును. శ్రావణమాస ప్రవచనములలో ఒక సాయంకాలము మహిళా వైద్యురాలిని పిలిపించి తల్లులకు, కుమార్తెలకు చెప్పించుట కష్టము కాదు. పొరుగువారి ఆచారము చూచి ముట్టు అంటును తిరిగి లోనికి తెచ్చుకొన్న ఇండ్లకు సైతము అప్పుడే శరణుల మాట జ్ఞప్తికి తేవచ్చును.

మొదట చెప్పిన ఇంటికి మరల పోవుదము. మరునాటి ఉదయము అత్తగారు పూజ ముగించి, విభూతి పట్టుకొని కోడలి కడకు వచ్చినదని తలంపుడు. నుదుట విభూతి పెట్టి, “అమ్మాయీ, రాత్రంతా నీ మాటే ఆలోచించాను. ముట్టు అంటు లేదన్నారు కానీ, నీకు బాధ లేదని ఏ శరణుడూ అనలేదు. ఆ క్యాలెండరు ఇలా తీసుకురా, ఇద్దరం కలిసి గుర్తు పెడదాం” అన్నదని తలంపుడు. వ్యాధి ఆ క్షణమున నయము కాదు. ఇంకను ఎన్ని నెలలు ఆ మబ్బు వచ్చి పోవునో తెలియదు. కాని ఆ నుదుటి విభూతి క్రింద ఒక ప్రాణము, తాను ఒంటరి కాదని తెలిసికొనును. కల్యాణమున శరణులు కట్టిన మంటపము ఆనాడు ఆ ఇంటి వంటగదిలో మరల లేచి నిలుచును.